క్రాస్‌బో ట్రిగ్గరుకు మెరుగు పెట్టవచ్చునా? – పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

తుపాకీ బట్టులాంటి కొయ్యకు అడ్డంగా విల్లును బిగించి, వెనక్కి లాగిన నారిని ఒక కొక్కేనికి తగిలించి, వేలితో ట్రిగ్గరు అనే మీట నొక్కి బాణాన్ని వదిలే సాధనాన్ని క్రాస్‌బో అంటారు. గురి సాధన కోసం దానిని వాడుతున్న పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ట్రిగ్గరు గురించే అడిగాయి. అందుచేత నీటి మోటార్ల ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. నా దగ్గర 150 పౌండ్ల బలం ఉన్న క్రాస్‌బో ఉంది. కొని రెండేళ్ళయింది. ఈమధ్య ట్రిగ్గరు నొక్కుతుంటే లోపల ఇసుక పడినట్టు గరగరలాడుతోంది, ఒక్కోసారి మధ్యలో ఆగి మళ్ళీ కదులుతోంది, దానితో గురి చెదిరిపోతోంది. ట్రిగ్గరు అమరి ఉన్న పెట్టె విప్పి లోపలి ముక్కలను 1000 నంబరు ఎమిరీ కాగితంతో రుద్ది, ఇత్తడి సామాన్లు తోమే పాలిష్‌తో మెరుగు పెడితే వెన్నలా జారుతుందని మిత్రుడు చెబుతున్నాడు. అలా చేయవచ్చునా?
– ఒక కళాశాల విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: వద్దు బాబూ. ఆ పెట్టె విప్పవద్దు, లోపలి ముక్కలను రుద్దవద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియని నిషేధాన్ని నీ వయసులో ఎవరూ పాటించరు.

150 పౌండ్లంటే సుమారు 68 కిలోలు. నారిని ఎక్కుపెట్టిన క్షణం నుంచి ఒక నిండు మనిషి బరువంత లాగుడు ఆ కొక్కెం మీద ఉంటుంది. కొక్కెం వెనుక భాగాన్ని ‘సియర్’ అనే మరో చిన్న ముక్క అడ్డుకుని ఉంచుతుంది, ట్రిగ్గరు నొక్కినప్పుడు అది పక్కకు తప్పుకుంటే కొక్కెం తిరిగి నారిని వదిలేస్తుంది. త్రాసుకాడలో ఇరుసుకు దగ్గరగా ఉన్న పెద్ద బరువును దూరంగా ఉన్న చిన్న గుండు నిలబెట్టినట్టే, ఇక్కడ కొక్కెం, సియర్, ట్రిగ్గరు అనే మీటల వరుస ఆ 68 కిలోల లాగుడును మెట్టుమెట్టుగా తగ్గించి నీ చూపుడువేలు కదపగలిగే స్థాయికి తెస్తుంది. ఇంత బరువునూ నిలబెడుతున్నది సియర్, కొక్కెం ఒకదానినొకటి తాకే సన్నని అంచు మాత్రమే.

ఆ అంచులో చూడవలసినవి మూడు ఉన్నాయి. మొదటిది దాని కోణం. రెండు ముక్కలు కలిసే తలం కాస్త లోపలికి వాలి ఉంటే, నారి లాగేకొద్దీ అవి ఒకదానినొకటి మరింత గట్టిగా పట్టుకుంటాయి. అదే తలం కొంచెం బయటికి వాలిందంటే ఆ లాగుడే వాటిని విడదీయడానికి చూస్తుంది, అప్పుడు వాటిని పట్టి ఉంచేది రెండు లోహాల మధ్య ఉన్న రాపిడి ఒక్కటే అవుతుంది. చేత్తో కాగితం పట్టుకుని రుద్దేటప్పుడు వేలి ఒత్తిడి ఒక పక్కన ఎక్కువ, మరో పక్కన తక్కువ పడుతుంది కనుక అంచు గుండ్రబడి కోణం మారిపోతుంది. మెరుగు పెట్టడం అంటే రాపిడిని తగ్గించడమే. కోణం చెడగొట్టుకుని, మిగిలిన ఆ కాస్త ఆసరానూ మన చేతులతోనే తుడిచేసుకుంటామన్న మాట.

రెండవది పైపొర. ఇలాంటి ఉక్కు ముక్కలలో చాలావాటికి పైన మాత్రమే గట్టిదనం ఎక్కిస్తారు, ఆ పొర మందం మిల్లీమీటరులో కొన్ని పదోవంతులకు మించకపోవచ్చు. దాన్ని అరగదీస్తే కింద మెత్తని ఉక్కు బయటపడుతుంది, ఆ రోజు వెన్నలా జారిన ట్రిగ్గరు కొన్ని వందల బాణాల తరువాత ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు వదిలేస్తుందో చెప్పలేని స్థితికి వస్తుంది. మూడవది మిగిలిపోయే పొడి. 1000 నంబరు కాగితం మీది రేణువు సుమారు 18 మైక్రాన్లు ఉంటుంది, అంటే తల వెంట్రుక మందంలో నాలుగో వంతు. అలాంటి రేణువులు, పాలిష్‌లోని ముగ్గులాంటి పొడి పిన్నుల సందుల్లోకి చేరితే ఎంత తుడిచినా పూర్తిగా రావు, పైగా ప్రతి నొక్కుడుకూ లోపల సానపడుతూనే ఉంటాయి.

ఇది నేను కంటితో చూసిన విషయం. ఐటీఐలో ఫిట్టరు విభాగంలో పాఠాలు చెప్పి విరమించిన కొన్నాళ్ళకు, నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు తన క్రాస్‌బోను తీసుకువచ్చి ట్రిగ్గరు ఎంత సుతారంగా చేశానో చూడమన్నాడు. సియర్‌ను నూనె సానరాయి మీద అద్దంలా రుద్దాడు. బెంచికి బిగించి, ఎదురుగా ఇసుక బస్తాలు పేర్చి, బాణం పెట్టి ఎక్కుపెట్టాం. అతడు సేఫ్టీని, అంటే పొరపాటున బాణం వెళ్ళకుండా ఆపే మీటను, ముందుకు తోశాడు, అంతే, ట్రిగ్గరు మీద వేలు పడకుండానే బాణం వెళ్ళి బస్తాలో దిగింది. తరువాత భూతద్దంతో చూస్తే అంచు ఒక మూల మాత్రమే ఆని ఉంది, మిగిలినదంతా గుండ్రంగా అరిగిపోయింది. ‘మెరిసే తలమే మంచి తలం’ అని తరగతిలో అతనికి చెప్పింది నేనే. బేరింగు కూర్చునే ఇరుసుకు ఆ మాట నిజం, బరువును ఆపవలసిన అంచుకు కాదు. ఆ తేడాను ఆనాడు విడమరిచి చెప్పలేదన్న బాధ నాకు ఉంది కనుకనే ఈ జవాబు ఇంత పొడవుగా రాస్తున్నాను. పెట్టె మొత్తాన్ని మార్పించిన తరువాతనే అతడు దానిని మళ్ళీ వాడాడు.

ఇక నీ గరగర సంగతి. రెండేళ్ళు నడిచిన ట్రిగ్గరులో ఆ చప్పుడుకు అరుగుదల కంటే మురికి కారణం కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. మహేంద్రతనయ ఒడ్డున ఇసుకలో సాధన చేసేవారికి సన్నని ఇసుక చేరుతుంది. నారికి ధారాళంగా మైనం రాసేవారికి, ఎండాకాలంలో రేకుల కప్పు కింద ఆ మైనం కరిగి కొక్కెం దగ్గరికి పాకి, ధూళితో కలిసి జిగురు ముద్దలా తయారవుతుంది. వానాకాలమంతా మూలన ఉంచిన క్రాస్‌బోలో మట్టిగూడు కట్టే కందిరీగలు నారి తగిలే సందులోనే గూడు పెట్టడం నేను రెండుసార్లు చూశాను.

శుభ్రం చేసే పద్ధతి ఇది. ముందుగా బాణం తీసి ఉందా, నారి దించి ఉందా అన్నది కంటితో చూసి, ఆపైన నారి విశ్రాంతి స్థానంలో ఉన్నదని చేత్తో తాకి నిర్ధారించుకోవాలి. బాణాలన్నీ మరో గదిలో పెట్టి, పిల్లలు రాని చోట పగటి వెలుతురులో బల్ల మీద గుడ్డ పరిచి పని మొదలుపెట్టాలి. కెమెరా అద్దాలు ఊదే రబ్బరు బుడ్డితో పైనుంచి, కిందినుంచి గాలి ఊది, తరువాత పొడిగా ఉన్న మెత్తని పాత పళ్ళకుంచెతో కొక్కెం చుట్టూ, ట్రిగ్గరు బయటికి వచ్చే సందు చుట్టూ నెమ్మదిగా దులపాలి. టైర్ల దుకాణంలోని కంప్రెసరు గాలి కొట్టించవద్దు. దానిలో నీటి తుంపర ఉంటుంది, పైగా ఆ వేగానికి పైనున్న ఇసుక లోపలికి దూరిపోతుంది. మైనం ముద్దలు కనిపిస్తే వెదురు పుల్లతో తీయాలి, ఇనుప సూది వాడకూడదు. క్రాస్‌బోతో వచ్చిన పుస్తకంలో నూనె వేయమని చెప్పిన చోట మాత్రమే, చెప్పిన రకం నూనె, సూది మొనతో అందినంత ఒక్క చుక్క పెట్టి, మిగిలినది గుడ్డతో అద్దేయాలి. ఎక్కువైన నూనె మళ్ళీ దుమ్మును పిలుస్తుంది.

ఇంత చేసినా గరగర పోకపోతే, మధ్యలో ఆగడం తగ్గకపోతే, దానిని తయారీదారు సేవా కేంద్రానికి పంపించు. అంతవరకు ఎక్కుపెట్టవద్దు. మెరుగు పెట్టాలన్న ఆశ తీరకపోతే, వేలు ఆనే ట్రిగ్గరు ముందుభాగానికి, అది రంగు పూతలేని లోహమైతే, మెత్తని గుడ్డతో తుడిచి నునుపు తెచ్చుకో. అక్కడి గరుకు కూడా వేలికి ఇబ్బందే కనుక ఆ పని వృథా పోదు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి క్రాస్‌బోకు నేనే కొబ్బరి నూనె రాసి పెడుతున్నాను. వేసవిలో బాగానే పనిచేసింది. ఇప్పుడు మార్గశిర మాసపు ఉదయాలలో నారి లాగితే కొక్కెం టక్కుమని పడడం లేదంటున్నాడు. నూనె ఇంకాస్త వేయమంటారా?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం రాసి మంచి పని చేశారు. కొక్కెం సగం పడి ఆగడం చాలా అపాయకరమైన స్థితి. నారి చిక్కినట్టే కనిపిస్తుంది, కానీ సియర్ పూర్తిగా కింద చేరి ఉండదు, చిన్న కుదుపుకు విడిపోవచ్చు. ఈ లోపం సరిచేసేవరకు దానిని ఎక్కుపెట్టవద్దని మీ అబ్బాయికి ఈ రోజే చెప్పండి.

కారణం మీ వంటింట్లోనే కనిపిస్తుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే పేరుకుంటుంది. సీసాలో తెల్లగా గడ్డకట్టిన ఆ నూనెనే ట్రిగ్గరు పెట్టెలోని స్ప్రింగు తోసుకుంటూ కదలవలసి వస్తోంది. కొండ ప్రాంతమైన మీ వైపు చలికాలపు తెల్లవారుజామున ఇది జరగకపోతేనే ఆశ్చర్యం. ఆముదం, నువ్వుల నూనె, వేరుశనగ నూనె కూడా పనికిరావు. గాలి తగిలి కాలం గడిచేకొద్దీ అవి జిగురుగా, చిక్కగా మారతాయి. తలుపు బందులకు వేస్తే చప్పుడు చేయడం తప్ప నష్టం లేదు, ఇక్కడ మాత్రం కొక్కెం పూర్తిగా పడడమే ప్రాణరక్షణ.

ఉన్న నూనెను తీయడానికి కిరోసిన్ పోయకండి. అది నారి మీద మైనాన్ని కరిగిస్తుంది, కొన్ని రకాల ప్లాస్టిక్ భాగాలనూ దెబ్బతీస్తుంది. తుప్పుపట్టిన బోల్టులు వదులు చేసే స్ప్రే కూడా వద్దు. అది ఉన్న నూనెను కడిగేసి, తాను ఆవిరై, దుమ్ము పట్టే పలుచని పొరను మిగులుస్తుంది. పగటిపూట, నూనె కరిగి ఉన్న వేళ, నారి దించి ఉండగా, చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను కుట్టుమిషను నూనెలో ముంచి పిండి, అందినంతవరకు తుడిచి, పొడి పుల్లతో అద్ది తీయండి. నూనెను నూనెతోనే తీయడం అన్నిటికంటే సున్నితమైన మార్గం. పుల్ల నల్లగా రావడం ఆగేవరకు ఇలా చేయండి. లోపల దూది పోగులు మిగలకుండా చూసుకోండి. నారికి మాత్రం ఆ నూనె తగలనివ్వకండి. ఆ తరువాత ఏ నూనె వేయాలన్నది పుస్తకాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. కొందరు తయారీదారులు తేలికపాటి నూనె చెబుతారు, కొందరు పొడి గ్రాఫైటు లేదా టెఫ్లాన్ రకాన్ని చెబుతారు. రెండిటినీ కలపకూడదు, కలిస్తే నల్లని ముద్ద అవుతుంది.

శుభ్రం చేసిన తరువాత కొక్కెం పడుతోందో లేదో చూడడానికి వేలు పెట్టకుండా సన్నని కర్రపుల్లతో కొక్కేన్ని వెనక్కి తోసి చూడమనండి. ప్రతిసారీ ఒకే చప్పుడుతో పడాలి. పది సార్లలో ఒక్కసారి మెత్తగా పడినా అది బాగుపడనట్టే లెక్క.

ప్రశ్న: వంశధార గాలికి మా ఇంట్లో ఇనుప వస్తువులన్నీ తుప్పు పడుతున్నాయి. ట్రిగ్గరు ముక్కలు తీసి, మోటారు సైకిల్ భాగాలకు పూత వేసే దుకాణంలో క్రోమియం పూత వేయించాలనుకుంటున్నాను. చైనాలో రెండు వేల ఏళ్ళ నాటి కంచు ట్రిగ్గర్లు క్రోమియం వల్లనే చెక్కుచెదరకుండా ఉన్నాయని ఎక్కడో చదివాను.
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: మీరు చదివిన మాట చాలాకాలం ప్రచారంలో ఉన్నదే. 1974లో చైనాలోని షియాన్ దగ్గర బయటపడిన, మట్టితో చేసిన సైనికుల బొమ్మల గోతుల్లో క్రాస్‌బోల కొయ్య, నారి పుచ్చిపోయినా కంచు ట్రిగ్గర్లు మిగిలాయి; అక్కడి కొన్ని కంచు ఆయుధాల మీద క్రోమియం జాడ కనిపించడంతో ఆనాటివారికి పూత విద్య తెలుసునని అనుకున్నారు. 2019లో వెలువడిన పరిశోధన మాత్రం ఆ క్రోమియం పక్కనున్న కొయ్య భాగాలకు పూసిన లక్క నుంచి వచ్చిందని, కంచు నిలిచింది అందులోని తగరం పాలు వల్ల, అక్కడి నేల గుణం వల్ల అని తేల్చింది. ఆ ట్రిగ్గర్ల పనితనాన్ని మెచ్చుకోవలసిందే. పూత వేయించడానికి మాత్రం అది సాక్ష్యం కాదు.

పూత వద్దనడానికి రెండు కారణాలు ఉన్నాయి. పూత అంటే మందం పెరగడమే కనుక, పిన్నుకూ రంధ్రానికీ మధ్య ఉన్న ఖాళీ పోయి ముక్కలు బిగుసుకుంటాయి, అంచుల దగ్గర పూత ఎక్కువగా పేరుకుని కోణం మారుతుంది. రెండవ కారణం మరింత తీవ్రమైనది. ఆమ్లంలో కడిగి, విద్యుత్తుతో పూత వేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దానిని పెళుసుగా మారుస్తుంది. అలాంటి ముక్క పైకి చక్కగా మెరుస్తూనే, బరువు మీద కొన్ని గంటలకో కొన్ని రోజులకో హఠాత్తుగా విరుగుతుంది. కర్మాగారాలలో ఇలాంటి ముక్కలను పూత తరువాత వెంటనే గంటల తరబడి కొలిమిలో వేడిచేసి ఆ హైడ్రోజన్‌ను వెళ్ళగొడతారు; హ్యాండిల్‌కూ మడ్‌గార్డుకూ పూత వేసే దుకాణంలో ఆ ఏర్పాటు ఉండదు, వారికి ఆ అవసరమూ ఉండదు.

తుప్పుకు మందు పొడిదనమే. వాడిన ప్రతిసారీ చేతి చెమట తుడిచి, గాలి ఆడే చోట ఒక పూట ఉంచిన తరువాతనే పెట్టెలో పెట్టండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో నెలకోసారి వాటిని మార్చండి. స్పాంజి పరచిన సంచి తేమను పట్టి ఉంచుతుంది కనుక అందులో నెలల తరబడి ఉంచకండి.

ప్రశ్న: గోపాలపూర్ సముద్రపు ఒడ్డున సాధన చేసి వచ్చాక ట్రిగ్గరు పిన్నుల మీద ఎర్రని చుక్కలు కనిపించాయి. ఎమిరీతో రుద్దనా?
– బరంపురం

జవాబు: రుద్దకండి. ఉప్పు గాలి తగిలిన రోజునే మంచినీటితో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బయటి భాగాలు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఇప్పుడు కనిపిస్తున్న చుక్కలను కొద్దిగా నూనె అద్దిన ముతక నూలు గుడ్డతో తుడిచి చూడండి, పైపై తుప్పు వచ్చేస్తుంది. గుంటలు పడి ఉంటే పిన్ను మార్చవలసిందే, అది సేవా కేంద్రం పని.

ప్రశ్న: నారి ఎక్కుపెట్టగానే సేఫ్టీ దానంతట అదే పడేది. ఇప్పుడు వేలితో తోస్తే పడుతోంది. వాడుకోవచ్చునా?
– పర్లాకిమిడి

జవాబు: వాడకూడదు. వేలితో తోస్తే పడుతోందంటే కొక్కెం తన చివరి స్థానం దాకా పోవడం లేదని అనుమానించాలి. పైన చెప్పినట్టు శుభ్రం చేయండి, ఫలితం లేకపోతే పంపించండి.

ప్రశ్న: నిన్న సాయంత్రం ఎక్కుపెట్టి, బాణం పెట్టి, సేఫ్టీ తీసి నొక్కితే ట్రిగ్గరు కదలలేదు. భయపడి పెద్దవారిని పిలిస్తే నారి కోసేయమన్నారు. అదృష్టవశాత్తు కోయలేదు, కాసేపటికి బాణం సర్ది నొక్కితే వెళ్ళింది. మళ్ళీ ఇలా జరిగితే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: కోయకపోవడం వల్ల పెద్ద ప్రమాదం తప్పిందమ్మా. ఎక్కుపెట్టిన నారిని కోస్తే, బాణం లేకుండా వదిలినట్టే, ఆ శక్తి అంతా విల్లు రెక్కల మీదనే పడుతుంది; రెక్కలు ముక్కలై ఎగిరే అవకాశం ఉంది, కోసే మనిషి చేయి, ముఖం అక్కడే ఉంటాయి.

ఇప్పటి క్రాస్‌బోలలో చాలావాటికి బాణం వెనుక కొస నారికి పూర్తిగా ఆనకపోతే ట్రిగ్గరును ఆపే చిన్న మీట ఒకటి ఉంటుంది. బాణం సర్దగానే పని జరిగిందంటే మీ విషయంలో ఆ మీటే తన పని తాను చేసిందని అర్థమవుతోంది. మళ్ళీ జరిగితే ముందు వేలు ట్రిగ్గరు మీద నుంచి తీసి, సేఫ్టీ వేసి, క్రాస్‌బో ముఖం గురి బస్తాల వైపే ఉంచి అర నిమిషం ఆగండి. తరువాత పక్కనుంచి, నారి పరుగెత్తే దారిలోకి బొటనవేలు రాకుండా, బాణం ముందు అరచేయి పెట్టకుండా, బాణాన్ని వెనక్కి సర్దండి. అప్పటికీ కదలకపోతే ట్రిగ్గరును బలంగా లాగవద్దు, స్క్రూడ్రైవరుతో కొక్కేన్ని ఎత్తవద్దు. మీ నమూనాకు నారిని చక్రంతో వెనక్కి దించే ఏర్పాటు ఉంటే పుస్తకంలో చెప్పిన వరుసలో అది చేయండి. అది లేకపోతే క్రాస్‌బోను ఇసుక బస్తాలకు ఎదురుగా బల్ల మీద కదలకుండా ఆనించి, ఆ గదికి తాళం వేసి, తయారీదారుకు ఫోను చేసి, వారు చెప్పిన తరువాతనే మళ్ళీ లోపలికి వెళ్ళండి.